ఎక్కడ ఆపాలో తెలిసిన చేయి: వరంగల్‌లో పాత బోర్డులను బాగుచేసే ఒక దుకాణం గురించి

గత పదకొండు నెలలలో నేను వరంగల్ మండీబజార్ వెనుక సందులో ఉన్న ఒక పెయింటర్ దుకాణానికి మూడు పాత బోర్డులు తీసుకువెళ్లాను. ఒకటి మా నాన్నగారు బుకింగ్ క్లర్కుగా పనిచేసిన సినిమా టాకీసు టికెట్ కిటికీ మీద ఉండే రేకు. రెండవది మా మేనమామ హనుమకొండలో నడిపిన క్యాసెట్ల రికార్డింగ్ సెంటర్ బోర్డు. మూడవది నా మిత్రుని తండ్రిగారు స్టేషన్ రోడ్డు వైపు నడిపిన బార్ బోర్డు. ఈ మూడు చోట్లూ ఇప్పుడు లేవు. టాకీసు ఉన్న స్థలంలో వరుసగా షట్టర్లు వచ్చాయి, రికార్డింగ్ సెంటర్ గదిలో మందుల దుకాణం నడుస్తోంది, బార్ ఉన్న భవనాన్ని కూల్చివేశారు. మిగిలినవి బోర్డులే కనుక, వాటిని ఎవరి చేతికి ఇవ్వాలో తెలియక సతమతమయ్యేవారికి ఉపయోగపడుతుందని ఈ దుకాణంలో నాకు ఎదురైన అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను.

నిజానికి నా దగ్గర నాలుగు బోర్డులు ఉండవలసింది. నాన్నగారు టాకీసు నుండి తెచ్చుకున్న వాటిలో ‘హౌస్‌ఫుల్’ అని రాసిన చిన్న బోర్డు కూడా ఉండేది. దానిని తగిలించడానికి పైన ఇనుప తీగ ఉండేది. ఆ తీగ పట్టుకుని ఏళ్ల తరబడి తగిలించి తీయడం వలన రెండు మూలలలో రంగు అరిగి లోపలి రేకు మెరిసేది. ఆరేళ్ల క్రితం, దానిని కొంచెం శుభ్రం చేయించి గోడకు పెట్టుకుందామని డిజిటల్ ప్రింటింగ్ చేసే ఒక దుకాణంలో ఇచ్చాను. వారం తరువాత వెళ్తే, రేకును తెల్లగా మెరిసేదాకా గీకి, దాని మీద కంప్యూటర్‌లో దొరికే అక్షరాలతో స్టిక్కర్ అతికించి నా చేతికి ఇచ్చారు. వాళ్లు మోసం చేయలేదు. కొత్తగా చేసి ఇవ్వడమే తమ పని అనుకున్నారు. ఏం కావాలో స్పష్టంగా చెప్పకపోవడం నా తప్పు. ఆ బోర్డు తగిలించిన రోజున నాన్నగారు ఇంటికి ఆలస్యంగా, సంతోషంగా వచ్చేవారు. ఆ మూలల అరుగుదలలో ఉన్నది ఆయన బొటనవేలు. దానిని నేను డబ్బు ఇచ్చి మరీ గీకించాను.

అందుకే మండీబజార్ దుకాణానికి మొదటిసారి వెళ్లినప్పుడు నేను టికెట్ కిటికీ రేకును సంచిలో నుండి తీయకుండానే చాలాసేపు మాట్లాడాను. పెయింటర్ గారికి డెబ్బై దాటి ఉంటాయి. తన పేరు, ఫోను నంబరు ఎక్కడా రాయవద్దని కోరారు కాబట్టి రాయడం లేదు. ఆ సందులో ‘పాత బోర్డుల ఉస్తాద్’ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఆయన తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడు లిపులూ కుంచెతో రాయగలరు. నిజాం పాలనలో ఉర్దూ రాజభాష కావడం వలన ఈ ప్రాంతంలో దుకాణాల బోర్డులు మూడు లిపులలో రాయించుకునే అలవాటు తరువాత కూడా చాలాకాలం కొనసాగింది. ఆ మూడింటినీ ఒకే పలక మీద ఇమడ్చడం ఎంత కష్టమో ఆయన ఒక సుద్దముక్కతో నేల మీద గీసి చూపించారు. ఉర్దూ పదం కుడి నుండి ఎడమకు ఏటవాలుగా దిగుతుంది కనుక దానికి ఎత్తు కావాలి. తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కనుక రెండు వైపులా చోటు విడవాలి. ఇంగ్లీషు మాత్రం రెండు గీతల మధ్య బుద్ధిగా కూర్చుంటుంది. అందువలన పాత పెయింటర్లు ముందుగా ఉర్దూకు, తరువాత తెలుగుకు కొలతలు వేసుకుని, మిగిలిన చోటులో ఇంగ్లీషును సర్దేవారట. ఇప్పటి ఫ్లెక్సీలలో ఒత్తులు పక్క వరుస మీదికి ఎక్కి నలిగిపోవడం చూసినప్పుడల్లా నాకు ఆ సుద్ద గీతలు గుర్తుకు వస్తున్నాయి.

మన ఊరిలో బోర్డు పోయినా పేరు పోదని చాలామంది అంటారు. అది కొంతవరకు నిజమే. హనుమకొండలో ‘అలంకార్’ అంటే ఒక కూడలి, ‘విజయ టాకీస్’ అంటే ఒక అడ్రసు. అక్కడ సినిమా చూడని పిల్లలు కూడా ఆటో ఎక్కి ఆ పేర్లే చెబుతారు. పబ్లిక్ గార్డెన్‌లోని ప్రాంగణానికి మిమిక్రీ కళాకారులు నేరెళ్ల వేణుమాధవ్ గారి పేరు, 2024 నవంబరులో ప్రారంభమైన కళాక్షేత్రానికి కాళోజీ పేరు ఉన్నాయి కనుక, ఆ వేదికల పేర్లకు మరుపు భయం లేదు. అయితే ఒక గది, ఒక బల్ల, రెండు టేప్ డెక్కులతో నడిచిన రికార్డింగ్ సెంటర్ పేరుతో ఏ కూడలీ ఏర్పడదు. సాయంత్రం నలుగురు మిత్రులు కూర్చుని లేచిపోయిన బార్‌ను ఎవరూ అడ్రసుగా చెప్పుకోరు, చెప్పుకున్నా గొంతు తగ్గించి చెబుతారు. అటువంటి చోట్లకు బోర్డు ఒక్కటే సాక్ష్యం.

బార్ బోర్డు సంగతి చెబితే ఈ దుకాణం పనితనం ఏమిటో సరిగా అర్థమవుతుంది. అది టేకు చట్రానికి కొట్టిన రేకు, పది అడుగుల పొడవు, మూడు అడుగుల ఎత్తు. ఎర్ర నేల మీద పసుపు అక్షరాలు, వాటికి ఎడమ పక్కకు పడే నల్లటి నీడ. నా మిత్రుని ఇంటి వెనుక గేదెల కొట్టానికి అడ్డుగా పదిహేనేళ్లకు పైగా ఉండిపోయింది. మేము దానిని ట్రాలీ ఆటోలో తీసుకువెళ్లినప్పుడు, ‘బార్ అండ్ రెస్టారెంట్’ అన్న అక్షరాలను మళ్లీ దిద్ది, నేలకు కొత్త ఎర్ర రంగు వేస్తే చాలునని అడిగాము. ఉస్తాద్ బోర్డును ఎండకు ఏటవాలుగా నిలబెట్టి, చాలాసేపు పక్క నుండి చూశారు. తరువాత నా చేయి పట్టుకుని ‘బార్ అండ్’ అన్న మాటల మీద పెట్టించారు. మిగిలిన రేకు నున్నగా ఉంది కాని, ఆ రెండు మాటల కింద రంగు గట్టు కట్టినట్టు ఉబ్బెత్తుగా ఉంది. “సార్, ఈడ ఇంకోటి రాసి ఉన్నది. గీ రంగు గీకితే పోతది, పోయినంక మళ్ల నేనైనా తేలేను. మెల్లగ చూద్దాం” అన్నారు.

నాలుగు రోజుల తరువాత ఫోను చేసి రమ్మన్నారు. దూదిని టర్పెంటైన్‌లో తడిపి, బ్లేడు అంచుతో పై పొరను అంగుళం అంగుళంగా తొలగించగా, ‘బార్ అండ్’ అన్న పసుపు అక్షరాల కింద తెల్లటి అక్షరాలతో ‘ఫ్యామిలీ’ అన్న మాట బయటపడింది. దాని కింద మళ్లీ పసుపు రంగులో ‘బార్ అండ్’ ఉంది. నా మిత్రుడు అది చూసి అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1993 అక్టోబరు 1 నుండి సారాను నిషేధించారు, 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దానిని సడలించారు. ఇవి మనం పరీక్షల కోసం చదువుకున్న తేదీలు. ఆ రెండేళ్లు వాళ్ల నాన్నగారు బార్ మూసివేసి అదే గదులలో ఫ్యామిలీ రెస్టారెంట్ నడపడానికి ప్రయత్నించి, అప్పుల పాలై, కూతురి పెళ్లి వాయిదా వేసుకున్నారు. ఆ ప్రభుత్వ నిర్ణయం వెనుక సారా వలన చితికిపోయిన ఇళ్లలోని ఆడవాళ్ల పోరాటం ఉందని, అది న్యాయమైన పోరాటమని నేను నమ్ముతాను; ఆ బార్ యజమాని ఇంటి కష్టం కూడా నిజమే. ఈ రెండింటినీ కలిపి నిలుపుకున్నది ఆ రేకు మీది మూడు పొరల రంగు.

అక్కడ ఉస్తాద్ చేసిన నిర్ణయం కోసమే నేను ఈ దుకాణాన్ని గట్టిగా సిఫారసు చేస్తున్నాను. మాకు మొదటి బోర్డు కావాలా, మధ్యది కావాలా, చివరిది కావాలా అని ఆయన అడిగి ఉంటే మేము ఏదో ఒకటి ఎంచుకునేవాళ్లం, మిగిలిన రెండూ పోయేవి. ఆయన అలా అడగలేదు. ‘బార్ అండ్’ మాటల ఎడమ భాగాన్ని పై పొరతోనే ఉంచి, మధ్యలో జానెడు వెడల్పున రెండవ పొరను, కుడి చివరన నాలుగు వేళ్ల వెడల్పున మొదటి పొరను కనిపించేలా వదిలేశారు. ఇప్పుడు దూరం నుండి చూస్తే ‘బార్ అండ్ రెస్టారెంట్’ అనే చదువుకుంటాం. దగ్గరికి వెళ్తే ‘ఫ్యామిలీ’లోని ‘మి’ తెల్లగా పలకరిస్తుంది. వెనుక వైపు తుప్పును ఇనుప బ్రష్‌తో తీసి రెడ్ ఆక్సైడ్ పూశారు. ముందు వైపు మెరుపు లేని వార్నిష్ ఒక పలుచని పూత తప్ప ఏమీ వేయలేదు. కుడివైపు కింది మూలన, బోర్డు రాసిన ఆర్టిస్టు తన ‘ఆర్ట్స్’ పేరును వేలెడంత అక్షరాలలో రాసుకున్నాడు. మేకు తుప్పుతో సగం చెరిగిన ఆ పేరును కూడా అలాగే ఉంచారు. “గది దిద్దితే దొంగ సంతకమైతది” అన్నారు.

రికార్డింగ్ సెంటర్ బోర్డు విషయంలో మాత్రం ఒక పొరపాటు జరిగింది. మా మామ 1982లో ఆ సెంటర్ పెట్టారు. మనం కాగితం మీద పాటల పట్టిక రాసి ఇస్తే, అరవై నిమిషాల క్యాసెట్టులో పక్కకు ఐదారు పాటల చొప్పున ఎక్కించి, రెండు రోజుల తరువాత ఇచ్చేవారు. ఆ రెండు రోజులూ ఎవరి పట్టిక ముందు, ఎవరిది వెనుక అన్నదాని మీద వాదులాటలు జరిగేవి. పట్టికలో చివరి పాట సగంలో తెగకుండా, మిగిలిన నిమిషాలను లెక్కవేసి మామ తన ఇష్టంతో ఒక చిన్న పాట ఎక్కించేవారు. ఆ ఒక్క పాట కోసం వచ్చేవాళ్లు కూడా ఉండేవారని అత్తయ్య ఇప్పటికీ చెబుతుంది. బోర్డు మీద నీలం నేల, తెల్ల అక్షరాలు, వాటి కింద బోర్డు పొడవునా పరుచుకున్న ఒక క్యాసెట్టు బొమ్మ. క్యాసెట్టు రెండు చక్రాలలో ఒకదాని చుట్టూ టేపు నిండుగా, రెండవదాని చుట్టూ పలుచగా ఉంటుంది, అంటే పాట అప్పుడే మొదలైందన్న మాట.

ఈ బోర్డు మధ్యలో అరచేతి మేర తుప్పు తిని, ‘రికార్డింగ్’ అన్న మాటలో ‘ర్డిం’ ఉన్న చోట రంగు పూర్తిగా రాలిపోయింది. రంగు పోయిన చోట మాత్రమే, అదీ అసలు రంగు కన్నా ఒక వన్నె తక్కువగా పూరించడం ఈ దుకాణం పద్ధతి. దగ్గర నుండి చూసేవారికి ఏది పాతదో ఏది పూరించినదో తెలియాలన్నది ఆయన పట్టుదల. ఆ పని ఆయన దగ్గర నేర్చుకుంటున్న కుర్రవాడు చేశాడు. బోర్డు ఇంటికి వచ్చాక మామ దానిని చూసి, చేత్తో తడిమి, “అల్లుడా, గిది నా బోర్డు కాదు” అన్నారు. ఏం మారిందో ఆయనా చెప్పలేకపోయారు, నాకూ తెలియలేదు. 1990 నాటి ఒక పెళ్లి ఫోటోలో వెనుక ఆ బోర్డు కనబడితే, దానిని పెద్దది చేయించి చూశాక అర్థమైంది. పాత బోర్డు మీద ‘ర’ కింద ‘డ’ ఒత్తు లేదు. రకారాన్ని అక్షరానికి కుడి పక్కన చిన్న చుట్టలా పెట్టే వలపలగిలకతో రాశారు. పాత పుస్తకాలు చదివినవారికి ఆ గుర్తు పరిచితమే. బోర్డు రాసినవారు దానిని పాతకాలపు అలవాటుగా మాత్రమే వాడి ఉండరు. కింద క్యాసెట్టు బొమ్మ ఉంది కనుక అక్షరం కింద ఒత్తుకు చోటు లేదు. వలపలగిలక పెడితే కింది గీత శుభ్రంగా మిగులుతుంది. కుర్రవాడు ఇప్పటి పద్ధతిలో ‘ర’కు కింద ‘డ’ ఒత్తు ఇవ్వడంతో, దాని కొన వెళ్లి క్యాసెట్టు పై అంచును తాకింది. మామ కంటికి తగిలినది ఆ తాకిడి.

ఫోటో పట్టుకుని వెళ్లి చూపించగానే ఉస్తాద్ కుర్రవాడిని కోప్పడలేదు. తాను చూడకుండా పంపినందుకు మమ్మల్ని క్షమించమన్నారు, ట్రాలీ కిరాయి కూడా తామే పెట్టుకుని బోర్డును తెప్పించుకున్నారు, కుర్రవాడిని పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద వలపలగిలకను ఇరవై సార్లు రాయించి, ఆ తరువాతే దిద్దించారు. అయినా ఇది చిన్న లోపం కాదు. పాత ఫోటో దొరకకపోతే ఆ తప్పు శాశ్వతంగా ఉండిపోయేది. కాబట్టి ఈ దుకాణానికి వెళ్లేవారు తమ ఇంటి ఆల్బములు ముందుగా వెతకండి. పెళ్లి ఊరేగింపులు, దసరా, బతుకమ్మ ఫోటోలలో మనుషుల వెనుక ఎన్ని బోర్డులు నిలబడి ఉంటాయో చూస్తే ఆశ్చర్యపోతారు.

టికెట్ కిటికీ రేకును ఆయన దాదాపుగా ముట్టుకోలేదు. అది జానెడు వెడల్పు, మూరెడు పొడవు ఉంటుంది. మీద ‘నేల’ అని, దాని కింద ధర. టికెట్ ధర పెరిగిన ప్రతిసారీ పాత అంకె మీద తెల్ల రంగు పూసి కొత్త అంకె వేయడం వలన ఆ చోట మాత్రమే రంగు మందంగా లేచి, వేలితో తడిమితే పుండు మానిన మచ్చలా తగులుతుంది. ‘1-00’ అన్న అంకె కింద 75 పైసలు ఉన్నట్టు ఏటవాలు వెలుగులో కనిపిస్తుంది. ఆజం జాహి మిల్లులో షిఫ్టు దిగిన కార్మికులు సెకండ్ షో మొదలవుతుందేమోనని పరుగున వచ్చి, ఈ రేకు కింది కంతలో చేయి పెట్టేవారని నాన్నగారు చెప్పేవారు. 1934లో మొదలైన ఆ మిల్లు కూడా మూతపడింది. కంత అంచున చేతులు ఒరుసుకుని నల్లబడిన రేకును శుభ్రం చేయనా అని ఉస్తాద్ అడిగారు. వద్దన్నాను. ఆయన తల ఊపి, సబ్బు నీటితో దుమ్ము మాత్రం తుడిచి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు.

ఈ దుకాణంలో చేయని పనులు కొన్ని ఉన్నాయి. నియాన్ దీపాల అక్షరాలు వారు బాగుచేయరు. గాజు గొట్టాన్ని మంట మీద వంచి అక్షరంగా మలచడం, అందులో వాయువు నింపడం, ఎక్కువ వోల్టేజి ట్రాన్స్‌ఫార్మర్‌తో వెలిగించడం వేరే విద్య. మీ దగ్గర అటువంటి అక్షరం ఏదైనా ఉంటే, దానిలో ఎల్‌ఈడీ పట్టీ పెట్టించి వెలిగించే కన్నా వెలగని గాజుగానే ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. నియాన్ ఎరుపుకు ఉండే ఆ నారింజ ఛాయ ఎల్‌ఈడీలో రాదు. అలాగే చెదలు తిన్న ప్లైవుడ్ అక్షరాలను కూడా వారు తీసుకోరు.

సమయపాలన గురించి ముందే చెప్పాలి. రెండు వారాలన్న బార్ బోర్డుకు రెండున్నర నెలలు పట్టింది. పెళ్లిళ్ల కాలంలో కార్ల మీద పేర్లు రాసే పని, ఎన్నికల కాలంలో గోడల పని ఉంటుంది కనుక ఆ నెలలలో ఇవ్వకపోవడమే నయం. వాన రోజులలో వార్నిష్ ఆరదు కాబట్టి సంక్రాంతి దాటాక వెళ్లడం ఉత్తమం. బార్ బోర్డుకు 6,000, రికార్డింగ్ సెంటర్ బోర్డుకు 4,500 రూపాయలు తీసుకున్నారు. అడ్వాన్సు అడగరు, రసీదు ఇవ్వరు. బోర్డు ఇచ్చేటప్పుడు మన ఫోనులో నాలుగు వైపులా ఫోటోలు తీసుకుని, ఒకటి ఆయనకు చూపించి ఇవ్వడం ఇద్దరికీ మంచిది. ఆయన ఫోను ఎక్కువగా ఎత్తరు. మధ్యాహ్నం నమాజు తరువాత స్వయంగా వెళ్తే తీరికగా మాట్లాడతారు.

బార్ బోర్డు ఇప్పుడు నా మిత్రుని ఇంటి హాలులో ఉంది. వాళ్ల అమ్మగారు మొదట ఆ మాట ఇంట్లో గోడ మీద ఎందుకని అభ్యంతరం చెప్పారు. బోర్డు వచ్చిన రోజు దగ్గరికి వెళ్లి ‘మి’ అక్షరం మీద వేలు పెట్టి, ఆ రెండేళ్లు వంటింట్లో మసాలా నూరినది తానేనని మా ఇద్దరికీ చెప్పారు. తరువాత అభ్యంతరం చెప్పలేదు.

వచ్చే నెల కాజీపేటలోని ఒక బ్యాండ్ మేళం వారి బోర్డు తీసుకువెళ్లబోతున్నాను. దాని మీద బాకా ఊదుతున్న మనిషి బొమ్మ ఉంది, ముఖం మీది రంగు మాత్రం రాలిపోయింది. ఫోనులో ఫోటో చూపిస్తే, ముఖం తాను గీయనని ఉస్తాద్ ముందే చెప్పారు. బోర్డును గోడ నుండి ఊడదీసేటప్పుడు మేకులను పారేయకుండా ఒక పొట్లంలో కట్టి తెమ్మన్నారు.